పుట్టిన నెల రాయి: కథలు పాతవి, జాబితా కొత్తది

1912 ఆగస్టులో అమెరికాలోని కాన్సస్ సిటీలో నగల వర్తకుల జాతీయ సంఘం సమావేశమై, ఏ నెలలో పుట్టినవాళ్లకు ఏ రాయి అన్నదానికి ఒక ప్రామాణిక జాబితా ఖరారు చేసింది. జనవరికి గార్నెట్, ఫిబ్రవరికి అమెథిస్ట్, ఏప్రిల్‌కు వజ్రం, మే నెలకు పచ్చ, జూలైకి కెంపు, సెప్టెంబరుకు నీలం. ఇవాళ ఇంటర్నెట్‌లో "బర్త్‌స్టోన్" అని వెతికితే కనబడే జాబితా కొద్దిపాటి మార్పులతో అదే. దాని పక్కనే "ప్రాచీన కాలం నుంచీ" అన్న మాట కూడా సాధారణంగా ఉంటుంది.

ఆ మాట పూర్తిగా అబద్ధమైతే గొడవే లేకపోయేది. రాళ్ల చుట్టూ అల్లుకున్న కథలు నిజంగానే వందల, వేల ఏళ్లవి. కానీ ఏ కథ ఏ రాయిది, ఏ రాయి ఏ నెలది అన్న లెక్క మాత్రం ఎన్నడూ నిలకడగా లేదు. కొన్నిచోట్ల పేరు అలాగే ఉండిపోయి, ఆ పేరు మోసే రాయి మారిపోయింది. మరికొన్నిచోట్ల కథే ఒక రాయిని వదిలి ఇంకో రాయిని పట్టుకుంది. జన్మరత్నాల జానపదాన్ని చదివేటప్పుడు ఈ వలసలు గుర్తుంచుకోకపోతే ప్రతి వాక్యమూ దారి తప్పిస్తుంది.

పన్నెండు అనే లెక్క బైబిలు నుంచి వచ్చింది. నిర్గమకాండంలో ప్రధాన యాజకుడు అహరోను గుండెల మీద ధరించే పతకంలో నాలుగు వరుసలు, వరుసకు మూడేసి చొప్పున పన్నెండు రాళ్లు ఉంటాయి. ఒక్కో రాయి మీద ఇశ్రాయేలు గోత్రాల్లో ఒక్కోదాని పేరు చెక్కి ఉంటుంది. అందులో నెలల ఊసే లేదు. ఈ పన్నెండు రాళ్లను పన్నెండు నెలలు అనుకున్నా సరే, రాశిచక్రంలోని పన్నెండు గుర్తులు అనుకున్నా సరే అని క్రీ.శ. 1వ శతాబ్దపు యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. తర్వాత క్రైస్తవ పండితులు ఆ మాటను అందుకున్నారు. పైగా బైబిలు చివరి గ్రంథమైన ప్రకటనలో కొత్త యెరూషలేము ప్రాకారానికి పన్నెండు రత్నాల పునాదులున్నాయి. దాంతో నెలకో రాయి అన్న ఊహకు కావలసినంత బలం దొరికింది.

మరి పతకంలోని రాళ్లు ఏవి? ఇక్కడే తీగ లాగితే డొంకంతా కదులుతుంది. ఆ హీబ్రూ పేర్లలో సగానికి పైగా దేన్ని సూచిస్తాయో పండితులు ఇప్పటికీ ఒక మాట మీద లేరు. కొన్ని అనువాదాల్లో ఒక రాయిని వజ్రం అని రాశారు. కానీ ఆ రాయి మీద గోత్రం పేరు చెక్కాలి. వజ్రం మీద అక్షరాలు చెక్కే పనితనం ఆ కాలంలో ఎవరికీ లేదు కాబట్టి అది వజ్రం అయ్యే అవకాశం లేదు. నీలానికి ఇంగ్లిష్ పేరైన "సఫైర్"కు మూలం "సప్ఫైరోస్" అన్న గ్రీకు మాట, దానిదీ అదే దారి. ఆ రాయిలో బంగారు చుక్కలు మెరుస్తాయని క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ వర్ణించాడు. నీలంలో బంగారు చుక్కలు ఉండవు. పైరైట్ అనే బంగారు రంగు ఖనిజపు రేణువులు మెరిసే ముదురు నీలి లాపిస్ లాజులీలో ఉంటాయి. అంటే ప్రాచీన గ్రంథాల్లో సఫైర్ మహిమలుగా చెప్పిన వాటిలో చాలాభాగం లాపిస్ ఖాతాలోవి. విచిత్రమేమిటంటే 1912 జాబితాలో సెప్టెంబరుకు నీలం వచ్చింది, లాపిస్ వెళ్లి డిసెంబరులో కూర్చుంది. నవంబరు రాయి టోపాజ్ కూడా ఇంతే. ప్లినీ చెప్పిన "టోపాజోస్" ఎర్రసముద్రంలోని ఒక దీవిలో దొరికే ఆకుపచ్చ రాయి. అది ఇప్పటి జబర్గద్ దీవి అనీ, ఆ రాయి ఇవాళ ఆగస్టు నెలకు చెప్పే పెరిడాట్ అనీ నేటి పండితులు భావిస్తారు. నవంబరు పట్టుకెళ్లింది పేరును మాత్రమే.

మన పేర్లు మాత్రం స్థిరంగా ఉన్నాయా అంటే అదీ లేదు. వైడూర్యం అన్న మాట ఒకప్పుడు బెరిల్ జాతి (పచ్చ, అక్వామెరైన్ ఈ జాతివే) రాయిని సూచించేదన్నది భాషావేత్తలు సాధారణంగా ఒప్పుకునే విషయం. దాని ప్రాకృత రూపం "వేళురియ" సముద్రం దాటి గ్రీకులో "బెరిల్లోస్" అయింది, అక్కడి నుంచి ఇంగ్లిష్ "బెరిల్" అయింది. తొలిరోజుల్లో స్పష్టమైన రాళ్లతో కటకాలు చేసేవారు కనుక జర్మన్‌లో కళ్లజోడును "బ్రిల్లె" అనడం కూడా ఆ మాట పుణ్యమే. ఇక్కడేమో వైడూర్యం అంటే ఇప్పుడు పిల్లికన్ను రాయి, అంటే క్రిసోబెరిల్ అనే వేరే ఖనిజం. మాట ఎగుమతి అయింది, తిరిగి చూస్తే ఇంట్లో ఇంకో రాయి ఉంది. పుష్యరాగం సంగతి ఇంకా చిక్కు. నిఘంటువుల్లో టోపాజ్‌కు పుష్యరాగం అని అర్థం కనిపిస్తుంది. జ్యోతిషులు చెప్పే కనక పుష్యరాగం మాత్రం పసుపు రంగు నీలం, అంటే కెంపు, నీలాల జాతిలోని కురువిందం. "నవంబరు వారికి పుష్యరాగం" అని తెలుగు చేసిన జాబితా చదివి గురుగ్రహం రాయి అనుకుంటే పప్పులో కాలేసినట్టే.

అసలు నవరత్నాల లెక్కకూ నెల రాళ్ల లెక్కకూ చుట్టరికం లేదు. నవరత్నాలు గ్రహాలవి. కెంపు సూర్యుడిది, ముత్యం చంద్రుడిది, పగడం కుజుడిది, పచ్చ బుధుడిది, పుష్యరాగం గురుడిది, వజ్రం శుక్రుడిది, నీలం శనిది, గోమేధికం రాహువుది, వైడూర్యం కేతువుది. ఎవరికి ఏది అన్నది లగ్నం, దశ చూసి చెబుతారు. జనవరిలో పుట్టారా జూన్‌లో పుట్టారా అన్నదానితో పని లేదు. ఈ రెండింటినీ కలిపేస్తే తమాషాలు జరుగుతాయి. గోమేధికం గార్నెట్ జాతిదే. పాశ్చాత్య జాబితాలో గార్నెట్ అంటే స్నేహం, ప్రయాణంలో రక్షణ. జ్యోతిషంలో అదే జాతి రాయి రాహువుకు శాంతి. నీలం మరీ ఆసక్తికరం. యూరప్‌లో అది పవిత్రతకు, నమ్మకానికి గుర్తు, బిషప్పుల ఉంగరాల్లో పొదిగిన రాయి. ఇక్కడ నీలం పేరు చెబితేనే ఒక జంకు. కొన్నాళ్లు దిండు కింద పెట్టుకుని, కలలు ఎలా వస్తున్నాయో చూసుకుని, "పడుతుందో లేదో" తేల్చుకున్నాకే వేలికి తొడుగుతారు. రాయి ఒక్కటే. ఒకచోట అది ఆశీర్వాదం, ఇంకోచోట జాగ్రత్తగా మసలుకోవలసిన అతిథి.

ఆరంభంలో నెలరాళ్లు పుట్టినరోజుకు సంబంధించినవి కూడా కావు. పన్నెండు రాళ్లూ దగ్గర ఉంచుకుని ఏ నెలలో ఆ రాయి ధరించాలన్నది పాత భావన. ఆ నెలలో ఆ రాయికి బలం ఎక్కువ అని నమ్మకం. తన పుట్టిన నెల రాయి ఒక్కటే ఏడాది పొడవునా పెట్టుకునే ఆనవాయితీ 18వ శతాబ్దంలో పోలండ్ ప్రాంతంలో మొదలైందని రత్నశాస్త్రజ్ఞుడు జార్జ్ ఫ్రెడరిక్ కుంజ్ అభిప్రాయం. పన్నెండు కొనడం కన్నా ఒకటి కొనడం తేలిక కదా, అందుకే ఆ పద్ధతి నిలిచి ఉంటుందనిపిస్తుంది. 1870లో అమెరికా నగల సంస్థ టిఫానీ ఒక చిన్న పుస్తకంలో నెలకో పద్యం అచ్చువేసింది. రాసినవారి పేరు లేదు. జనవరిలో పుట్టిన స్త్రీ గార్నెట్ తప్ప మరొకటి ధరించరాదని అందులో మొదటి పద్యం. కథ పద్యమైంది, పద్యం ప్రకటన అయింది.

కుంజ్ కూడా ఆ టిఫానీ సంస్థలోనే రత్నాల నిపుణుడు. అయినా 1912 జాబితా ఆయనకు నచ్చలేదు. వ్యాపారబుద్ధి ఒక్కటే రాళ్లను ఎంపిక చేస్తే జనానికి వాటిమీద ఆసక్తే పోతుందని మరుసటి ఏడు అచ్చయిన తన పుస్తకంలో హెచ్చరించాడు. ఆసక్తి పోలేదు. జాబితా మాత్రం పెరుగుతూ పోయింది. 1952లో జూన్‌కు అలెగ్జాండ్రైట్, నవంబరుకు సిట్రిన్, అక్టోబరుకు గులాబీ టూర్మలిన్ చేరాయి. డిసెంబరులో లాపిస్‌ను తప్పించి జిర్కాన్ పెట్టారు. మార్చిలో అప్పటిదాకా పెద్దపీట బ్లడ్‌స్టోన్‌ది. ముదురాకుపచ్చ మీద ఎర్రచుక్కలున్న ఆ రాయి మీద సిలువనాటి క్రీస్తు రక్తం పడిందని కథ. దాన్ని పక్కకు జరిపి అక్వామెరైన్‌ను ముందుకు తెచ్చారు. జపాన్ తన జాబితాలో మార్చికి పగడాన్ని, మే నెలకు జేడ్‌ను కూడా కలుపుకుంది.

2002లో డిసెంబరుకు టాంజనైట్ వచ్చింది. ఈ రాయి టాంజానియాలోని మెరెలాని కొండల్లో 1967లో గాని వెలుగులోకి రాలేదు. వాణిజ్యస్థాయిలో ప్రపంచంలో మరెక్కడా దొరకదు. ఖనిజంగా దాని పేరు జోయిసైట్. ఆ మాట ఇంగ్లిష్‌లో "సూసైడ్" లాగా వినిపిస్తుందని టిఫానీ సంస్థ మరుసటి ఏడాదే దానికి దేశం పేరు కలిసేలా కొత్త నామకరణం చేసింది. ఇప్పుడు ఆ రాయికీ ఆధ్యాత్మిక మార్పు, అంతర్దృష్టి లాంటి "అర్థాలు" చెబుతున్నారు. 1967కు ముందు ఏ అమ్మమ్మా చూడని రాయికి అమ్మమ్మల కాలం నాటి మహిమ ఎలా వచ్చిందో ఎవరూ అడగరు.

అడగకపోవడం కొత్తేమీ కాదు. అమెథిస్ట్ కథ చూడండి. బాకస్ అనే మద్యదేవుడి ఆగ్రహానికి గురైన అమెథిస్ట్ అనే కన్య స్ఫటికంగా మారిందనీ, పశ్చాత్తాపంతో అతడు ద్రాక్షసారా పోస్తే ఆ రాయి ఊదారంగు తేలిందనీ గ్రీకు పురాణకథగా ఎన్నో చోట్ల కనిపిస్తుంది. గ్రీకు పురాణాల్లో ఈ కథ లేదు. ఫ్రెంచ్ కవి రెమీ బెల్లో 1576లో కల్పించిన కావ్యం ఇది. అయితే మూలంలో ఒక గింజ ఉంది. గ్రీకులో "అమెథుస్తోస్" అంటే మత్తెక్కనిది. ఈ రాయి దగ్గర ఉంటే మత్తెక్కదని నమ్మేవారు. నీళ్లు కలిపిన ద్రాక్షసారా రంగు రాయికి ఉందన్నది ఆ నమ్మకానికి చెప్పే ఒక కారణం. ఒక్క మాట అర్థం నుంచి నమ్మకం, నమ్మకం నుంచి కావ్యం, కావ్యం నుంచి "పురాణం".

కొన్ని నమ్మకాలు మాత్రం రాయిని నిజంగా గమనించినవాళ్లవే. టర్కాయిస్, అంటే ఫిరోజా, తన యజమానికి జబ్బు చేస్తే రంగు మారుతుందని, ఆపద రాబోతుంటే పాలిపోతుందని మధ్యయుగాల్లో గట్టిగా నమ్మేవారు. రౌతులు గుర్రం కళ్లేనికి కట్టుకునేవారు. రంగు మారడం వాస్తవమే. ఆ రాయి సన్నని రంధ్రాలున్న రాగి, అల్యూమినియం ఫాస్ఫేట్. చెమట, చర్మపు నూనె, సెంటు పీల్చుకుంటుంది. కొన్నాళ్లకు ఆకాశనీలం కాస్తా పచ్చబారుతుంది. జ్వరంతో చెమటలు కక్కుతున్న మనిషి వేలి మీద రాయి రంగు తిరిగితే, చూసినవాడికి అది జోస్యంలా తోచడంలో వింత లేదు. చూసింది సరిగ్గానే చూశాడు, కారణం దగ్గర తప్పటడుగు వేశాడు.

ముత్యానిదీ అలాంటి బతుకే. స్వాతి కార్తెలో పడిన చినుకు ఆల్చిప్పలో చేరితే ముత్యం అవుతుందని ఇక్కడి మాట. ఆల్చిప్పలు తెరుచుకుని మంచును తాగి ముత్యాన్ని కంటాయని ప్లినీ మాట. రెండు చోట్లా ఊహ ఒకే దారిన నడిచింది: రాయిలా గట్టిగా ఉన్నది నీటిబొట్టులా గుండ్రంగా ఎందుకుంది అన్న ప్రశ్నకు అంతకన్నా అందమైన జవాబు దొరకదు. అసలు సంగతి చిప్పలోని జీవి తన ఒంట్లో చేరిన చికాకు చుట్టూ పొర మీద పొరగా కాల్షియం కార్బనేట్ పూయడం. 1893లో జపాన్‌లో మికిమోతో ఆ చికాకును తన చేత్తో కల్పించి ముత్యం పుట్టించాడు.

పచ్చ విషయంలో ఒక ముచ్చట తప్పకుండా చెప్పుకోవాలి. పాము పచ్చను చూస్తే కళ్లు పోతాయని మధ్యయుగపు అరబ్బు, పారసీక లోకంలో పేరుమోసిన నమ్మకం. 11వ శతాబ్దంలో అల్ బిరూనీ అనే పండితుడు దీన్ని పరీక్షకు పెట్టాడు. పాముకు పచ్చల హారం చుట్టాడు, దాని బుట్టలో పచ్చలు పరిచాడు, కళ్ల ముందు పచ్చల దండ ఆడించాడు. ఎండాకాలం, చలికాలం కలిపి తొమ్మిది నెలలు చూశాడు. పాముకు ఏమీ కాలేదు, చూపు ఇంకా పదునెక్కకపోతే అదే పదివేలు అన్న ధోరణిలో రాసుకున్నాడు. కథ అక్కడితో ఆగాలి కదా. 13వ శతాబ్దంలో తిఫాషీ అనే రత్నపరీక్షకుడు తానూ ప్రయోగం చేశానని, పాము కళ్లు నిజంగానే బయటికి పొడుచుకొచ్చాయని రాశాడు. ఎక్కువమంది తిఫాషీ మాటే నమ్మారు.

రత్నం ఉన్నచోట పాము తప్పదు కాబోలు. నాగమణి సంగతి సరే సరి. వజ్రాల లోయ కథ దానికన్నా దూరం తిరిగింది. 4వ శతాబ్దంలో సైప్రస్ బిషప్ ఎపిఫానియస్ అహరోను పతకంలోని పన్నెండు రాళ్ల గురించే ఒక పుస్తకం రాస్తూ, సిథియా అనే ఉత్తర ప్రాంతంలో దిగలేని లోయ ఒకటుందని, పైనుంచి మాంసం ముక్కలు విసిరితే వాటికి రత్నాలు అంటుకుంటాయని, గద్దలు ఆ మాంసాన్ని పైకి తెస్తాయని చెప్పాడు. అతను చెప్పిన రాయి వజ్రం కాదు, జాసింత్ అనే మరో రత్నం. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత మార్కోపోలో అదే కథను "ముత్ఫిలి"కి అంటగట్టాడు. అంటే మోటుపల్లి రేవు. తాను చెప్పే రాజ్యాన్ని ఒక రాణి ఎంతో న్యాయంగా ఏలిందని కూడా రాశాడు కాబట్టి ఆమె రుద్రమదేవి అని చరిత్రకారుల అంచనా. ఈసారి లోయలో విషసర్పాలు కూడా ఉన్నాయి, రాయి వజ్రమైంది. సింద్‌బాద్ యాత్రల్లోనూ ఈ లోయే. 18వ శతాబ్దంలో బ్రెజిల్ గనులు బయటపడేదాకా లోకానికి వజ్రాలు ప్రధానంగా భారతదేశం నుంచే వెళ్లేవి. దూరదేశం సరుకుకు దూరదేశపు కథ బాగా అతుకుతుంది.

వజ్రం మీద ఇంకో నమ్మకం మాత్రం నష్టం చేసి ఉండాలి. సమ్మెట దెబ్బకు అసలు వజ్రం పగలదని, మేకపోతు వేడి రక్తంలో నానబెడితేనే లొంగుతుందని ప్లినీ రాశాడు. గీతకు లొంగకపోవడం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. వజ్రానికి నాలుగు దిశల్లో చీలే గుణం ఉంది, సరైన దెబ్బ పడితే ముక్కలవుతుంది. ఆ పరీక్షలో ఎన్ని మంచి వజ్రాలు "నకిలీ"గా తేలి పొడైపోయాయో!

ఎర్రరాళ్లలో పొరపాటు రాజుల దాకా వెళ్లింది. కెంపు యుద్ధంలో రక్షణ అని నమ్మకం, బర్మా యోధులు చర్మం కోసి లోపల పెట్టుకునేవారట. ఇంగ్లండు రాజు ఐదో హెన్రీ 1415లో అజింకోర్ట్ యుద్ధంలో శిరస్త్రాణానికి పెద్ద కెంపు ధరించి బతికి బయటపడ్డాడని కథ. "బ్లాక్ ప్రిన్స్ కెంపు"గా పేరుపడిన ఆ రాయి ఇప్పుడు బ్రిటిష్ కిరీటం ముందు భాగంలో ఉంది. అది కెంపు కాదు, స్పినెల్. రెండూ వేర్వేరు ఖనిజాలని 18వ శతాబ్దం చివర్లో గాని తేలలేదు. 2016లో స్పినెల్‌ను ఆగస్టు జాబితాలో చేర్చారు. రాజును కాపాడిన ఘనత జూలైదా, ఆగస్టుదా అన్నది ఇక వాళ్లే తేల్చుకోవాలి.

ఒక కథ రాయిని ఎంతగా దెబ్బతీయగలదో ఓపల్ చెబుతుంది. ప్లినీకి అది అన్ని రత్నాల రంగులూ కలిసిన అద్భుతం. మధ్యయుగంలో దొంగలకు చుట్టం, చేతిలో ఉంటే మనిషి కంటికి కనబడడని నమ్మిక. 1829లో వాల్టర్ స్కాట్ నవల ఒకటి వచ్చింది. అందులో ఒక పాత్ర జడలోని ఓపల్ మీద పవిత్రజలం పడగానే రాయి కాంతి పోతుంది, ఆమె త్వరలోనే చనిపోతుంది. ఆ తర్వాత ఐరోపాలో ఓపల్ దురదృష్టపు రాయి అయి కూర్చుంది. విక్టోరియా రాణి దాన్ని లెక్కచేయక తన కూతుళ్లకు ఓపల్ నగలే బహూకరించింది. నవల ఇంత త్వరగా అతకడానికి రాయి స్వభావమూ తోడైంది. ఓపల్‌లో నీరు ఉంటుంది. ఎండిపోతే సన్నగా బీటలు వారుతుంది, మెరుపు తగ్గుతుంది. చిన్న చిన్న సిలికా గోళాలు వరుసగా పేరుకుని వెలుగును విరగ్గొట్టడం వల్ల ఆ రంగులు వస్తాయని ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు 1960లలో తేల్చారు. అక్టోబరులో పుట్టనివాళ్లు ఓపల్ పెట్టుకుంటే కీడు అన్న షరతు ఇప్పటికీ అక్కడక్కడా వినిపిస్తుంది.

రాయి మహిమ దాని పుట్టుకలో ఉందా, రంగులో ఉందా అన్న ప్రశ్నకు జానపదం దగ్గర సూటి జవాబు లేదు. 1902లో ఫ్రెంచ్ రసాయనవేత్త వెర్నెయ్ మంటలో పొడిని కరిగించి కెంపును పెంచే పద్ధతిని ప్రకటించాడు. అందులోనూ అల్యూమినియం ఆక్సైడే, ఎరుపునిచ్చే క్రోమియమే. భూమిలో పుట్టినదే పనిచేస్తుందని నమ్మేవాళ్లు దాన్ని ఒప్పుకోరు. కానీ భూమిలో పుట్టినవాటిలోనూ చాలా రాళ్లు కొలిమి చూసి వచ్చినవే. కెంపులు, నీలాలు వేడి చేస్తే రంగు తేరుకుంటాయి. టాంజనైట్ ఎక్కువగా గోధుమరంగులో దొరుకుతుంది, వేడి తగిలాకే ఆ నీలిమ. అమెథిస్ట్ ఊదారంగు క్వార్ట్‌జ్‌లోని ఇనుము, సహజ రేడియోధార్మికత కలిసి చేసిన పని. దాన్ని నాలుగైదు వందల డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉంచితే ఊదా పోయి పసుపు వస్తుంది. బజారులో సిట్రిన్ పేరుతో అమ్మేవాటిలో చాలాభాగం ఇలా వచ్చినవే. ఫిబ్రవరి రాయి కొలిమిలోకి వెళ్లి నవంబరు రాయిగా బయటికొస్తుంది.